ఆ నూరుమంది

కిడ్నీ మా దగ్గరికి బకెట్లో వస్తుంది,
ఫార్మలిన్‌లో మునిగి, మూత మీద బతాకా నంబరుతో.
కోసి, మైనంలో పోసి, చల్లార్చి
నాలుగు మైక్రాన్ల పొరలు తీస్తాను.
ఉల్లిపొర కూడా మందమే దాని ముందు.

పదకొండేళ్లుగా ఫహాహీల్‌లో ఇదే పని.
కిటికీ అవతల రిఫైనరీ మంట
పగలు కనిపించదు, రాత్రి ఆరదు.

నిన్న పైఅంతస్తు నుంచి ఫోను:
తెలుగొచ్చిన మనిషి కావాలట.
గాజు పలకల మీద తప్ప
రోగిని చూసే అలవాటు లేదు నాకు.
చేతులు రెండుసార్లు కడుక్కుని వెళ్లాను.

పోశెట్టి. నలభై ఆరేళ్లు. ఆర్మూరు పక్క ఊరు.
క్రేను కింద నిలబడి చేతులూపే పని.
ఎడమ పక్క కుట్ల మీద అరచెయ్యి,
బస్సులో జేబు కాచుకుంటున్నట్టు.

ఈయన నాకు ముందే తెలుసు.
ఏడున్నర సెంటీమీటర్లు.
కణాలు తేటగా, సామాను తీసేసిన గదుల్లా
(ఆ కొవ్వు నా రసాయనాల్లోనే కరిగింది).
గింజలో గింజ చిన్న లెన్సుకే కనబడింది, మూడో గ్రేడు.
ఒక మూల చచ్చిపోయిన కండ, గోరంత.

డాక్టర్ హనాన్ గడులు నింపింది:
సైజు, గ్రేడు, గ్రంథులు, ఆ గోరంత.
తెర మీద ఒక అంకె నిలిచింది.
"మెల్లగా చెప్పు," అంది నాతో.

"అన్నా, నీలాంటివాళ్లు నూరుమంది ఉంటే
అరవై ఎనిమిదిమందికి
ఐదేళ్లదాకా అది మళ్లీ రాదంట."

మిగతా ముప్పై రెండుమంది
గదిలోనే, ఏసీ చప్పుడులో నిలబడ్డారు.

"నా అసొంటోళ్లంటే ఎవలక్కా?"

అడిగాను. దాచకుండా చెప్పింది డాక్టర్:
ఎక్కడో చలిదేశపు ఆసుపత్రి, పాత రికార్డులు.

"వాళ్లు జూన్ నెల్ల ఇనుము పట్టిన్రా?
నల్లా నీళ్లు చెయ్యి కాల్తుంటే
గొంతు తడుపుకోకుంట పొద్దుగుంకిచ్చిన్రా?"

మాది రాజంపేట, ఆయన మాట నాకు సగం కొత్త.
అయినా అర్థం కాకపోవడం వల్ల కాదు
నేను తడబడింది.
డాక్టర్ కీబోర్డు మీంచి చేతులు తీసింది.
"ఆ గడి ఇందులో లేదు."

పోశెట్టి తలూపాడు, కోపం లేకుండా.
"మా క్రేను మీద గాలిమిషిని ఉంటది.
ముప్పై ఎనిమిది దాటితె పని బందు.
ముప్పై ఏడుకు ఎత్తుతం.
గట్లని ముప్పై ఏడుకు ఏం గాదని కాదు.
చెయ్యూపెటోడు కండ్లార్పొద్దు, గంతే."

కాసేపాగి అసలు సంగతి:
"అకామా నెలాఖరుకు అయిపోతది.
రెండేండ్లకు కొట్టియ్యాల్నా, ఒక్కేడాదికేనా?
కఫీలు అడుగుతుండు."

ఇది అనువదించడం తేలిక.
జవాబు ఆమెకు తేలిక కాలేదు.
తెర వంక చూసింది, క్యాలెండరు తిప్పింది,
మూడు నెలలకో స్కాను, అక్కడక్కడా సున్నాలు చుట్టింది.
చివరికి నా వైపు చూడకుండా
నేరుగా ఆయనకే
రెండు వేళ్లు చూపించింది.

పోశెట్టి లేచి నిలబడ్డాడు.
కుట్లు పట్టేసినా కుడిచెయ్యెత్తి
చూపుడువేలు ఆకాశానికి పెట్టి
చిన్నగా, చాలా చిన్నగా గుండ్రం తిప్పాడు.
ఎత్తు. నిదానంగా ఎత్తు.
ఆ సైగ నాకెవరూ నేర్పలేదు.

కిందికొచ్చాను.
ఆయన మైనం ముక్కను డ్రాయరులో పెట్టాలి.
మా రూలు ప్రకారం పదేళ్లు దాచాలి దాన్ని,
మనిషికి దొరకని గడువు.
తేదీ రాసి మూసేశాను.

బల్ల మీద ఇంకో బకెట్టు.
ఎప్పుడూ నంబరు చూసి కత్తి తీసేదాన్ని.
ఇవాళ మూత తిప్పి, వెలుగులో పట్టుకుని,
అరబ్బీలో రాసిన పేరును
కూడబలుక్కుని చదివాను ముందు.